ఓటు లేని ఆకలి గురించి అభ్యర్థిని అడగడం

2024 లోక్‌సభ ఎన్నికల ప్రచారం సాగుతున్న రోజుల్లో బెంగళూరులో ఓటరు అడిగిందీ, అభ్యర్థి చెప్పిందీ నీళ్ల గురించే. బోర్లు ఎండిపోయి, ట్యాంకరు ధర రోజుకొక తీరుగా పెరిగి, ఏ బ్లాకుకు ఏ వేళ నీళ్లు వదలాలన్న తగువులు తప్ప అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో మరో మాట కనబడని ఆ మార్చి, ఏప్రిల్ నెలల్లో, మారతహళ్లి, మహదేవపుర చుట్టుపక్కల ఉండే మేము కొందరం తెలుగువాళ్లం ఒక ప్రశ్నల కాగితం పట్టుకుని అభ్యర్థుల చుట్టూ, వారి ప్రచారం పనులు చూసేవారి చుట్టూ తిరిగాము. ఆ కాగితంలో నీళ్ల ప్రస్తావన లేదు, మెట్రో ప్రస్తావన లేదు. ప్రపంచంలో అందరికంటే అట్టడుగున ఉన్న పేదల కోసం, వారు కాంగోలో ఉన్నా కదిరిలో ఉన్నా, మీరు పార్లమెంటుకు వెళ్తే ఏం చేస్తారన్నదే అందులోని సారాంశం. ఏప్రిల్ 26న పోలింగ్ ముగిసింది, ఫలితాలూ వచ్చాయి. మేము అడిగిన ప్రశ్న మాత్రం అప్పటికంటే ఇప్పుడే ఎక్కువ అవసరమని నాకు తోచడం వల్ల ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఈ ఆలోచన మా సొంతం కాదు. మా పెద్దమ్మగారి అబ్బాయి, నేను అన్నయ్య అని పిలిచే మనిషి, 2007లో ఉద్యోగరీత్యా అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో ఉండేవాడు. అధ్యక్ష పదవికి తమ అభ్యర్థి ఎవరో పార్టీలు తేల్చుకునే తతంగం అప్పట్లో అయోవా, న్యూ హాంప్‌షైర్ అనే చిన్న రాష్ట్రాలతోనే మొదలయ్యేది కనుక, ఎంతటి నాయకుడైనా అక్కడి గ్రంథాలయాల్లో, బడి ఆవరణల్లో, కాఫీ హోటళ్లలో పాతిక, యాభై మంది ముందు నిలబడి అడిగినవాటికల్లా జవాబు చెప్పుకోవలసి వచ్చేది. ఆ అవకాశాన్ని చూసుకునే, పేద దేశాల కోసం పనిచేసే 'వన్' అనే సంస్థ 2007 జూన్‌లో 'వన్ ఓట్ 08' పేరుతో ఒక ఉద్యమం ప్రారంభించింది. సెనేట్‌లో చెరొక పార్టీకి నాయకులుగా పనిచేసి తప్పుకున్న టామ్ డాషెల్, బిల్ ఫ్రిస్ట్ దానికి సహాధ్యక్షులు. ఫలానా వారికి ఓటు వేయమని గానీ, వేయవద్దని గానీ ఆ కార్యకర్తలు చెప్పేవారు కారు. ఎయిడ్స్, మలేరియా, పసిబిడ్డల మరణాలు, తాగునీరు, చదువు వంటి విషయాల్లో పేద దేశాల కోసం మీరు గెలిస్తే ఏం చేస్తారో తేటతెల్లంగా చెప్పమని, ఏ పార్టీ అభ్యర్థి వచ్చినా, ఏ సభలోనైనా, విసుగు లేకుండా అడగడమే వారు చేసిన పని.

అన్నయ్యకు అక్కడ ఓటు లేదు, హెచ్‌1బి వీసా మీద ఉన్నవాడు. అయినా ఆ సభలకు వెళ్లేవాడు, కుర్చీలు వేసేవాడు, అరచేతిలో పట్టే చీటీ మీద ప్రశ్నను రెండే వాక్యాలకు కుదించి రాసేవాడు. అడిగేది మాత్రం ఆయన కాదు, పక్క వీధిలో ఉండే ఒక రిటైరైన టీచరమ్మ. "నేనడిగితే మర్యాదగా నవ్వి ఊరుకుంటారమ్మా. ఆవిడ అడిగితే అభ్యర్థి పక్కన నిలబడ్డ కుర్రాడు జేబులోంచి నోట్‌బుక్ తీస్తాడు" అని తరువాతి కాలంలో మాకు చాలాసార్లు చెప్పాడు. ఆ నోట్‌బుక్ బయటికి తీయించడంలోనే ఈ పని కిటుకంతా ఉందని నా అభిప్రాయం. మందు అందక జాంబియాలో చనిపోతున్న మనిషికి న్యూ హాంప్‌షైర్‌లో ఓటు లేదు. ఓటు ఉన్న మరొకరు ఆ మనిషి తరఫున నోరు విప్పి, దీని మీద మీరు చెప్పేదాన్ని బట్టే నా ఓటు అని అనిపించగలిగినప్పుడే అభ్యర్థి లెక్కలోకి ఆ మనిషి వస్తాడు.

దీనివల్ల ఒరిగిందేమిటన్న ప్రశ్నకు నా దగ్గర ఉన్నది పూర్తిగా సంతోషకరమైన జవాబు కాదు. ఎయిడ్స్ మీద జార్జ్ బుష్ 2003లో ప్రకటించిన పెప్‌ఫర్ పథకానికి తొలి ఐదేళ్లకు అనుకున్నది 1,500 కోట్ల డాలర్లు. 2008 జూలైలో, అధ్యక్ష ఎన్నికల వేడి నడుమనే, రెండు పార్టీలవారూ కలిసి క్షయ, మలేరియాలను కూడా చేర్చి దాన్ని మరో ఐదేళ్లకు 4,800 కోట్ల డాలర్లకు పెంచారు. ఇదంతా ఆ కార్యకర్తల ఘనతే అంటే అతిశయోక్తి అవుతుంది కానీ, పరాయి దేశాలకు డబ్బు పంపే బిల్లును ఎన్నికల ఏట ఆమోదించడానికి ఏ దేశంలోనైనా రాజకీయ నాయకులు జంకుతారు, ఆ జంకును కొంత తగ్గించినవారిలో వీరు కూడా ఉన్నారని నేను నమ్ముతాను. మరోవైపు, అభ్యర్థిగా బరాక్ ఒబామా విదేశీ సాయాన్ని 2012 నాటికి రెట్టింపు చేసి 5,000 కోట్ల డాలర్లకు చేరుస్తానని మాట ఇచ్చారు. 2008 సెప్టెంబరులో బ్యాంకులు కుప్పకూలాయి. అక్టోబరు 2న జరిగిన ఉపాధ్యక్ష అభ్యర్థుల చర్చలో, ఒబామా జతగా పోటీ చేస్తున్న జో బైడెన్, ఆ హామీ అమలు నెమ్మదించవచ్చని అప్పుడే చెప్పేశారు. 2012 వచ్చేసరికి ఆ దేశపు సాయం 3,000 కోట్ల డాలర్ల దగ్గరే ఉంది. గెలిచాక వెంటపడి అడిగే ఏర్పాటు లేకుండా హామీ ఒక్కటే రాబట్టుకుని ఇంటికి వెళ్తే ఎక్కడైనా జరిగేది ఇదే.

ఇక్కడ తెలుగువాళ్లకు తెలియవలసిన సంగతి ఒకటి ఉంది. 2000 సంవత్సరం ప్రాంతంలో ఎయిడ్స్ మందులకు పాశ్చాత్య కంపెనీలు ఒక్క రోగికి ఏడాదికి 10,000 డాలర్లకు పైగా వసూలు చేసేవి. 2001లో మన దేశపు సిప్లా అదే మందుల కలయికను ఏడాదికి 350 డాలర్లకు ఇస్తామని ముందుకు వచ్చింది. ఆ తరువాత పెప్‌ఫర్ డబ్బుతో ఆఫ్రికాకు వెళ్లిన మందుల్లో హైదరాబాద్ కేంద్రంగా ఉన్న అరబిందో, హెటిరో కంపెనీలు తయారుచేసినవి చాలా ఉన్నాయి. అమెరికాలో ఒక టీచరమ్మ అడిగిన ప్రశ్నకూ, హైదరాబాద్ శివార్లలో మందుల ఫ్యాక్టరీలో షిఫ్టు చేసే మన కెమిస్ట్రీ పట్టభద్రుడి జీతానికీ ఉన్న ఈ చుట్టరికం ఎన్నికల సభల్లో ఎవరూ చెప్పగా నేను వినలేదు.

ఆకలికీ ఓటుకూ ఉన్న సంబంధం తెలుగువారికి ఒకరు నేర్పవలసినది కాదు. 1982 మార్చిలో పుట్టిన తెలుగుదేశం పార్టీ 1983 జనవరిలో అధికారంలోకి వచ్చిందంటే, అందులో కిలో రెండు రూపాయల బియ్యం హామీ పాత్ర ఎంతో మా ఇంట్లో పెద్దవాళ్లు ఇప్పటికీ వాదించుకుంటారు. ఖజానా తట్టుకోలేదని ఆర్థికవేత్తలు ఎంత మొత్తుకున్నా ఆ పథకం ఏదో ఒక రూపంలో నిలిచింది, తక్కిన రాష్ట్రాలకూ పాకింది, చివరకు 2013లో ఆహార భద్రత చట్టంగా దేశమంతటికీ వచ్చింది. ఆకలితో ఉన్నవాడి చేతిలో ఓటు ఉండబట్టి ఇది జరిగింది. ఎన్నికలూ, నోరున్న పత్రికలూ ఉన్న దేశంలో పెద్ద కరువు చావులు జరగవని అమర్త్య సేన్ చెప్పిన దాని వెనుక ఉన్న తర్కమూ ఇదే, చావులు చూస్తూ ఊరుకున్న ప్రభుత్వం తిరిగి గెలవదు. అయితే ఈ రక్షణ దేశపు సరిహద్దు దగ్గర ఆగిపోతుంది. దక్షిణ సూడాన్‌లో తిండి లేని తల్లి కోపగించుకుంటే వాషింగ్టన్‌లో గానీ, లండన్‌లో గానీ, ఢిల్లీలో గానీ ఎవరి సీటూ కదలదు.

మన వైపు కూడా ఒకప్పుడు ఈ తల్లి ఉన్న చోటే ఉన్నారు. 1876లో మొదలైన కరువును రాయలసీమలో ధాత కరువని ఇప్పటికీ తలుచుకుంటారు. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలతో పాటు అప్పటి మైసూరు సంస్థానం, అంటే మేమిప్పుడు ఉంటున్న ఈ నేల కూడా దాని వాత పడ్డాయి. అయినా దేశం నుంచి ధాన్యం ఎగుమతి ఆగలేదు. 1877 జనవరి 1న వైస్రాయి లిట్టన్ ఢిల్లీలో దర్బారు జరిపి విక్టోరియా రాణిని భారత సామ్రాజ్ఞిగా ప్రకటించాడు. అదే నెలలో ఖర్చు తగ్గించడానికని మద్రాసుకు వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, కరువు పనుల్లో రాళ్లు కొట్టే మగవాడి రోజు కూలిని ఒక పౌను ధాన్యం, ఒక అణాకు కుదించాడు. ఒక పౌను అంటే అరకిలో కూడా కాదు. ఈ కూలి వేసేవాడి మీద చచ్చేవాడికి ఏ అధికారమూ లేదు, అధికారం ఉన్నది బ్రిటన్ ఓటర్లకు. ఆ ఏడు ఆగస్టులో మద్రాసు పౌరులు సభ పెట్టి లండన్ మేయరుకు మొరపెట్టుకుంటే, లిట్టన్‌కు ఇష్టం లేకపోయినా మాన్షన్ హౌస్ నిధి పేరిట అక్కడి సామాన్యులు చందాలు వేసుకుని పంపారు. మద్రాసు టైమ్స్ సంపాదకుడిగా ఉండి ఆ సహాయ సంఘానికి కార్యదర్శిగా పనిచేసిన విలియం డిగ్బీ, ఇంగ్లండుకు తిరిగి వెళ్లాక భారతదేశపు పేదరికం గురించి మాట్లాడటమే తన రాజకీయంగా చేసుకున్నాడు.

అంతకంటే నన్ను ఆకట్టుకున్న సంఘటన 1885 నాటిది. ఆ ఏడు బ్రిటన్‌లో సాధారణ ఎన్నికలు జరుగుతుంటే బొంబాయి నుంచి చందావర్కర్, కలకత్తా నుంచి మన్‌మోహన్ ఘోష్, మద్రాసు నుంచి సేలం రామస్వామి మొదలియార్ ఓడెక్కి వెళ్లి, అక్కడి సభల్లో నిలబడి, ఓటు వేసే ముందు భారతదేశం గురించి మీ అభ్యర్థిని అడగండని బ్రిటిష్ ఓటర్లను కోరారు. అప్పటికి కాంగ్రెస్ పార్టీ కూడా పుట్టలేదు. ఏడేళ్ల తరువాత, 1892లో, మన దేశపు పేదరికాన్ని లెక్కలు కట్టి చూపిన దాదాభాయి నౌరోజీ లండన్‌లోని సెంట్రల్ ఫిన్స్‌బరీ నుంచి వేళ్ల మీద లెక్కపెట్టగల ఓట్ల తేడాతో గెలిచి పార్లమెంటులో అడుగుపెట్టారు. పరాయి దేశపు ఎన్నికల్లో పేదల ప్రశ్న లేవనెత్తడం మనకు అలవాటు లేని వింత అనేవారికి నేను చెప్పే జవాబు ఈ ముగ్గురి ఓడ ప్రయాణమే.

మా నాన్నగారి తరానికి ఇదే కథ రెండో వైపు నుంచి తెలుసు. కదిరి దగ్గర పల్లెలో ఆయన చదివిన ప్రాథమిక పాఠశాలలో మధ్యాహ్నం పూట పసుపు రంగు మొక్కజొన్న రవ్వ ఉప్మా, పాలపొడి కలిపిన పాలు పెట్టేవారట. కేర్ అనే సేవా సంస్థ ద్వారా అమెరికా నుంచి వచ్చిన సరుకు అది. ఆ పిండి సంచుల మీద రెండు చేతులు కలిపిన బొమ్మ ఉండేది. ఖాళీ సంచిని విప్పి, ఉతికి, పలకా బలపం పెట్టుకునే సంచీగా కుట్టించుకున్న పిల్లలు క్లాసులో సగం మంది ఉండేవారనీ, ఎన్ని ఉతుకులు ఉతికినా ఆ చేతుల బొమ్మ మాత్రం వదిలేది కాదనీ ఆయన చెబుతారు. మిగులు ధాన్యాన్ని వదిలించుకోవాలన్న అవసరమూ, ప్రచ్ఛన్న యుద్ధపు ఎత్తుగడలూ అందులో ఉన్న మాట నిజమే, దాన్ని దానధర్మంగా పూజించనక్కరలేదు. అయినా ఆ ఉప్మా తిన్న పిల్లలకు కడుపు నిండిన మాట కూడా నిజమే. ఆ చేతుల బొమ్మను గుర్తుగా పెట్టుకుని 1961 నుంచి పనిచేసిన, విదేశాలకు అమెరికా ప్రభుత్వ సాయం అందించే యూఎస్‌ఎయిడ్ సంస్థను 2025 జూలై 1తో మూసివేసి, మిగిలిన పనులను విదేశాంగ శాఖకు అప్పగించారు.

ప్రపంచ బ్యాంకు 2025 జూన్‌లో కడు పేదరికపు గీతను మనిషికి రోజుకు 3 డాలర్లుగా సవరించింది. ఇది బయట మారకం రేటు ప్రకారం చూడవలసిన లెక్క కాదు, ఆయా దేశాల ధరలతో సరిచూసిన లెక్క, మన దేశంలో 2021 నాటి ధరల్లో సుమారు 60 రూపాయలు. ఇంటద్దె, తిండి, బట్ట, మందు, బస్సు చార్జీ అన్నీ కలిపి అంతే. మా వీధి చివరి దర్శినిలో, అంటే నిలబడి తినే చిన్న హోటల్లో, ఒక మసాలా దోసె తిని ఒక కాఫీ తాగితే ఆ డబ్బు దాటిపోతుంది. ఈ గీతకు దిగువన ఇప్పటికీ దాదాపు 80 కోట్ల మంది ఉన్నారు, వారిలో ఎక్కువమంది సహారా ఎడారికి దక్షిణాన ఉన్న ఆఫ్రికాలో ఉన్నారు. మన దేశంలో ఈ గీత కింద ఉన్నవారు 2011-12లో 27.1 శాతం, 2022-23లో 5.3 శాతం. శాతం తగ్గినందుకు సంతోషమే కానీ ఆ 5.3 శాతం అంటే ఏడున్నర కోట్ల మంది. ప్రపంచమంతటా ఐదేళ్లలోపు పిల్లల మరణాలు 1990లో ఏటా 1 కోటి 25 లక్షల పైచిలుకు ఉంటే 2023లో 48 లక్షలు. ఇది చేతకాని పని కాదనడానికి ఈ తగ్గుదలే సాక్ష్యం.

ఈ అంకెలు కొన్నిటిని, అప్పటికి అమలులో ఉన్న 2.15 డాలర్ల గీత ప్రకారం, కాగితం మీద వేసుకుని మేము ఒక అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో జరిగిన ముఖాముఖికి వెళ్లాము. అభ్యర్థి మర్యాదస్థుడు. తెలుగులోనే పలకరించారు, బెంగళూరులో తెలుగు రాని అభ్యర్థి అరుదు. ట్యాంకర్ల మీద, కావేరి నీటి పథకం ఐదో దశ మీద, రోడ్డు గుంతల మీద ప్రశ్నలన్నీ అయ్యాక నాకు మైకు వచ్చింది. భూటాన్, నేపాల్, ఆఫ్రికా దేశాలకు మన ప్రభుత్వం ఇచ్చే సాయం నిజంగా పేదవాడి దాకా చేరుతోందా లేదా అన్నది పార్లమెంటు ముందు ఏటా పెట్టించేందుకు మీరు ప్రయత్నిస్తారా అని అడిగాను. ఆయన నవ్వి, "అమ్మా, ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ముందు మన కుళాయిల్లో నీళ్లు రానివ్వండి" అన్నారు. హాలంతా చప్పట్లు కొట్టింది. వెనుక వరుసలో ఒక పెద్దాయన మాత్రం లేచి, "ఆవిడ అడిగింది డబ్బు పంపమని కాదండీ, పంపుతున్నదానికి లెక్క చెప్పమని" అన్నారు. అప్పుడు అభ్యర్థి వెనక నిలబడ్డ కుర్రాడు ఫోన్ తీసి ఏదో రాసుకున్నాడు. రాసుకున్నది మా ప్రశ్నో, తరువాతి సభ చిరునామానో చెప్పలేను గానీ, అన్నయ్య చెప్పిన నోట్‌బుక్ గుర్తుకు వచ్చి మా బృందంలో అందరమూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాము.

ఇంట గెలవడం అన్న మాటను నేను తేలికగా తీసుకోను. కానీ ఆ సామెతను అడ్డం పెట్టుకునేవారు మరిచిపోయేది ఏమిటంటే, భారతదేశం ఈ రచ్చలో ఎప్పుడో కూర్చుని ఉంది. 1964 నుంచి ఐటెక్ పథకం కింద పేద దేశాల ఉద్యోగులకు, ఇంజనీర్లకు మనం శిక్షణ ఇస్తున్నాము. ప్రపంచ బ్యాంకులో పేద దేశాలకు చౌక అప్పులిచ్చే ఐడీఏ నుంచి అందరికంటే ఎక్కువ తీసుకున్న మన దేశం 2014లో ఆ జాబితా నుంచి బయటపడి, ఇప్పుడు అదే నిధికి తిరిగి డబ్బు వేస్తోంది. 2023 సెప్టెంబరులో ఢిల్లీ సమావేశంలోనే ఆఫ్రికా సమాఖ్యకు జీ20 సభ్యత్వం ఇప్పించాము. 2024-25లో 48 లక్షల కోట్ల రూపాయల కేంద్ర బడ్జెట్‌లో విదేశాంగ శాఖకు వచ్చిందే సుమారు 22 వేల కోట్లు, అంటే అర శాతం కూడా కాదు, అందులో భూటాన్ ఒక్కదానికే 2 వేల కోట్లు దాటింది. మన నీళ్లు ఎవరో తాగేస్తున్నారని భయపడవలసిన మొత్తం కాదిది. విదేశాంగ వ్యవహారాల స్థాయీ సంఘంలో కూర్చునే ఎంపీలు ఈ కేటాయింపులను ఏటా పరిశీలిస్తారు. అందులో బెంగళూరు ఎంపీ ఎవరైనా ఉంటే అడిగే హక్కు ఆయనకు ఉంది, లేకపోయినా ప్రశ్నోత్తరాల సమయం ఉంది. మేము కలిసిన ప్రచార బాధ్యుల్లో చాలామందికి ఈ సంఘం ఒకటుందన్నదే తెలియదు. అమెరికాలోనూ అంతే, బడ్జెట్‌లో విదేశీ సాయం ఎంతని సర్వేల్లో అడిగితే సగటున 20 శాతానికి పైనే అని చెబుతారు, అసలు సంఖ్య ఒక శాతం అటూ ఇటూ ఉంటూ వచ్చింది.

క్లబ్‌హౌస్ నుంచి బయటకు వస్తే ప్రహరీ అవతల కొత్త టవరు కడుతున్నారు. దాని పక్కన రేకుల షెడ్లలో ఉండేవారిలో కదిరి, ఆదోని వైపు నుంచి బేల్దారి పనికి వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. మా ఊరి పక్క పల్లెకు చెందిన ఒకామె సిమెంటు తట్ట దించి, కొంగుతో మొహం తుడుచుకుంటూ నాతో అన్న మాట: "ఈడ మాకు ఓటెక్కడుందక్కా? ఆడుంది. ఈడ ఎవురొచ్చి మమ్మల్ని అడుగుతారు?" మే 13న ఆంధ్రప్రదేశ్‌లో పోలింగ్ రోజున ఆమె ఇంటిల్లిపాదీ కిక్కిరిసిన బస్సులో ఊరికి వెళ్లి ఓటు వేసి వచ్చారు. ఆ రాష్ట్రంలో 80 శాతం దాటి ఓట్లు పడ్డాయి, మా బెంగళూరు నగరపు మూడు స్థానాల్లో 54 శాతం దగ్గరే ఆగింది. ఓటు వేయాలన్న తపన ఉన్న మనిషికి తాను ఏడాదిలో పది నెలలు బతికే చోట ఓటు లేదు, ఓటు ఉన్నవాళ్లలో సగానికి దగ్గరగా ఆ రోజు ఇంట్లోనే కూర్చున్నారు. వలస ఓటరు ఉన్న చోటి నుంచే ఓటు వేసేలా ఎన్నికల సంఘం 2022 డిసెంబరులో 72 నియోజకవర్గాలకు పనికివచ్చే యంత్రం నమూనాను ప్రకటించింది, పార్టీలు అభ్యంతరాలు చెప్పాయి, అది అక్కడే ఉంది. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు పథకం 2022 జూన్ నాటికి అన్ని రాష్ట్రాలకూ వచ్చింది, అయినా ఆమె ఊరి కార్డుతో ఇక్కడ బియ్యం అడిగితే యంత్రం పనిచేయడం లేదన్న జవాబే ఎక్కువసార్లు వచ్చిందట.

ఆమెతో మాట్లాడిన తరువాత మా కాగితంలో ఒక మార్పు చేశాము. దూరపు పేదల ప్రశ్ననూ దగ్గరి పేదల ప్రశ్ననూ విడదీయడం మానేసి, ఈ నియోజకవర్గంలో ఓటు లేనివారి కోసం మీరేం చేస్తారన్న ఒకే శీర్షిక కింద రెంటినీ పెట్టాము. ఆశ్చర్యమేమిటంటే, ఆఫ్రికా అనగానే నవ్విన ప్రచార బాధ్యులే షెడ్ల ప్రస్తావన వచ్చాక కుర్చీ లాగి కూర్చోమన్నారు, కూర్చున్నాక ఆఫ్రికా గురించి కూడా విన్నారు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్న వారికి ఇంతకంటే తగిన జవాబు నాకు కనబడలేదు.

పని తీరు గురించి నాకు తెలిసినంత చెబుతాను. ఆన్‌లైన్ వినతిపత్రం మీద వేల సంతకాలు పెట్టించడం కంటే, ఆ నియోజకవర్గపు ఓటరు గుర్తింపు కార్డు ఉన్న నలుగురు నాలుగు వేర్వేరు సభల్లో ఒకే ప్రశ్నను అవే మాటల్లో అడగడం మేలు, ఎందుకంటే మొదటిసారి అది ఒకరి చాదస్తంగా కనిపిస్తుంది, నాలుగోసారి ప్రజాభిప్రాయంగా కనిపిస్తుంది. ప్రశ్నలో ఒక అంకె, ఒక గడువు ఉండాలి. పేదరికం పోవాలంటారా అని అడిగితే పోవాలనే అంటారు, ఆ జవాబుతో ఎవరికీ ఉపయోగం లేదు. అభ్యర్థి కంటే ఆయన ఉపన్యాసాలు రాసే మనిషికి ఎక్కువ సమయం ఉంటుంది, అక్కడ అరగంట కూర్చోవడం దండ వేసి ఫోటో దిగడం కంటే విలువైనది. అన్ని పార్టీలవారినీ అడగాలి, వచ్చిన జవాబులను ఒకే కాగితం మీద పక్కపక్కన అచ్చువేసి పంచాలి, జవాబు ఇవ్వనివారి గడిని ఖాళీగానే వదలాలి. మా అనుభవంలో ఆ ఖాళీ గడి చేసిన పని మా వాదనలేవీ చేయలేదు. అది అచ్చుకు వెళ్తోందని తెలిసిన సాయంత్రమే ఒక కార్యాలయం నుంచి ఫోన్ వచ్చింది.

గెలిచినవారికి ఆరు నెలలకొకసారి ఉత్తరం రాస్తున్నాము. వచ్చిన జవాబులు నామమాత్రమైనవే, అయినా వారి మాటను వారికే గుర్తుచేసే ఉత్తరం ఒకటి ఫైలులో ఉండటం మంచిది.

ఈ మధ్యకాలంలో ధనిక దేశాల్లో గాలి ఎదురు తిరిగింది. జాతీయాదాయంలో 0.7 శాతం పేద దేశాలకు ఇవ్వాలన్న లక్ష్యాన్ని ఐక్యరాజ్య సమితి 1970 అక్టోబరు 24న పెట్టుకుంది. దాన్ని 2015లో చట్టంగా చేసుకున్న బ్రిటన్, 2021లో 0.5కు దిగి, 2027 నాటికి 0.3కు తగ్గిస్తామని 2025 ఫిబ్రవరిలో ప్రకటించింది. అమెరికాలో జరిగిందేమిటో పైన చెప్పాను. ఆ రెండు దేశాల్లోనూ పౌరసత్వం తీసుకుని ఓటు హక్కు ఉన్న తెలుగువారు ఇప్పుడు తక్కువమందేమీ కాదు, మా ఒక్క అపార్ట్‌మెంట్‌లోనే పిల్లలో, తోబుట్టువులో అక్కడ ఓటర్లుగా ఉన్న ఇళ్లు ఎన్నో ఉన్నాయి. రానున్న 2026 నవంబరు 3న అమెరికా ప్రతినిధుల సభలోని 435 స్థానాలకూ ఎన్నికలు జరుగుతాయి. మన సంఘాల వేదికల మీదికి అభ్యర్థులు దండలు వేయించుకోవడానికి వచ్చినప్పుడు వీసాల గురించి అడుగుతారు, అడగవలసిందే. దానితో పాటు ఎయిడ్స్, మలేరియా, పసిబిడ్డల టీకాల నిధులను తిరిగి నిలబెట్టేందుకు ఏ సంవత్సరానికి ఎంతకు ఓటు వేస్తారని కూడా అడగమని మా అన్నయ్య అక్కడి బంధువులకు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెబుతున్నాడు. అప్పుడు ఓటు లేక చీటీలు రాసిన మనిషి ఇప్పుడు ఇక్కడి నుంచి అదే పని చేస్తున్నాడు.

ఇక్కడ మా ముందున్నవి బెంగళూరును ఐదు నగరపాలక సంస్థలుగా విభజించిన తరువాత జరగవలసిన స్థానిక ఎన్నికలు. కార్పొరేటరు స్థాయిలో ఆఫ్రికా ప్రస్తావన కుదరదు కనుక కాగితంలో షెడ్లలో ఉన్నవారి రేషన్, చవకగా భోజనం పెట్టే ఇందిరా క్యాంటీన్ల పనివేళలు, కూలీల పిల్లలకు అంగన్‌వాడీ అన్న మూడు ప్రశ్నలే పెడుతున్నాము, దూరపు పేదల ప్రశ్న లోక్‌సభ ఎన్నికల దాకా పక్కన ఉంటుంది. తెలుగు ప్రతి సిద్ధమైంది. కన్నడ ప్రతిని మేమే రాసుకున్నాము గానీ, కన్నడం ఇంటి భాషగా ఉన్నవారు ఒకరు దాన్ని సరిచూసి పెడితే తప్ప అచ్చుకు పంపకూడదని నిర్ణయించుకున్నాము. ఆ పని చేయగల స్నేహితులు ఎవరికైనా ఉంటే తెలియజేయగలరు.